ఆడెపు వారి చదరంగం

“నీకు పెండ్లే కాలె. ఫంక్షన్ హాలు నీకెందుకే?”

సిరిసిల్లలో ఒక ఫంక్షన్ హాలు మేనేజరు లక్ష్మీరాజం, రసీదు పుస్తకం ముందు పెట్టుకొని, ఆడెపు బాలమల్లును అడిగిన ప్రశ్న ఇది. 2018లో దసరా వెళ్లిన వారం. బాలమల్లుకు అప్పటికి యాభై దాటింది. డిసెంబరులో వరసగా ఐదు రోజులు హాలు కావాలన్నాడు. ఐదు రోజుల పెళ్లిళ్ల గురించి లక్ష్మీరాజం వినడమే గాని చూడలేదు. పైగా ఆ ఐదు రోజులూ ధనుర్మాసంలో పడుతున్నాయి. ముహూర్తాలే లేవు.

ముహూర్తాలు లేవు కాబట్టే అడుగుతున్నానన్నాడు బాలమల్లు. ఆ రోజుల్లో కిరాయి సగానికి దిగుతుంది, పిల్లలకు క్రిస్మస్ సెలవులు కలిసొస్తాయి. తనకు హాలు కావలసింది చదరంగం పోటీకి, అదీ అంతర్జాతీయ రేటింగు పోటీకి. లక్ష్మీరాజం కలం తీసి, రసీదులో వరుడు అన్నచోట బాలమల్లు పేరు రాశాడు. వధువు అన్నచోట ‘చదరంగం’ అని రాశాడు. ఆ గడి ఖాళీగా ఉంటే ఓనరు ఊరుకోడట.

బాలమల్లు గురించి ఎవరైనా రాస్తే ‘మట్టిలో మాణిక్యం’ అని మొదలుపెడతారు. అలాంటిదేమీ లేదు. ఆయన మధ్యరకం ఆటగాడు. బతుకుదెరువుకు సాంచెలు బాగు చేస్తాడు. మరమగ్గాన్ని మా వైపు సాంచె అంటాం. పెళ్లి చేసుకోకపోవడం వెనకా విషాద గాథ లేదు. వచ్చిన సంబంధాలు చూడడానికి ఆదివారం పోవాలి, ఆదివారం ఆట ఉండేది. నాలుగైదేళ్లు అలా గడిచాక సంబంధాలు రావడం మానేశాయి. అంతే.

ఆయన ఆట నేర్చిన చోటు మాత్రం చెప్పుకోదగ్గది. తొంభైల మొదట్లో సిరిసిల్ల సాంచెల షెడ్లలో, నూలు చుట్టే కండెల డబ్బా బోర్లించి దాని మీద బోర్డు పరిచేవాళ్లు. చుట్టూ ఇరవై సాంచెలు దడదడలాడుతుంటే మనిషి మాట మనిషికి వినిపించదు. చెక్ అని నోటితో చెప్పడం దండగ. రాజు వైపు వేలు చూపించేవాళ్లు. గడియారాలు లేవు. ఎవరి సాంచె మీద పోగు తెగితే వాళ్లు లేచి అతుక్కొని రావాలి కాబట్టి, పోగు తెగేలోపు ఎత్తు వేసెయ్యాలి. వేయకుండా లేచినవాడికి ఆ ఎత్తు పోయినట్టే. ఈ నియమం ఏ పుస్తకంలోనూ లేదు. అయినా దాని మీద తగాదా పడ్డవాళ్లను ఎవరూ చూడలేదు. నూనె మరకల బోర్డు, విరిగిన గుర్రం స్థానంలో నిలబెట్టిన ఖాళీ కండె, వెనక ఆగకుండా మోగే ఇనుము. ఆ షెడ్లలో ఆడినవాళ్లు ఇప్పటికీ రెండు టీలు తాగితే చాలు, ఆ కండె గుర్రం గురించి మొదలుపెడతారు.

ఆ అలవాటుతోనే బాలమల్లు ఒకసారి నాగ్‌పూర్ వెళ్లి రేటింగు పోటీలో ఆడాడు. చిత్తుగా ఓడాడు. కారణం అడిగితే నిశ్శబ్దమన్నాడు. ఎత్తు ఆలోచించుకోవడానికి గంటన్నర ఇచ్చి, చుట్టూ చప్పుడు లేకుండా చేస్తే, తనకు తన కడుపులో గుడగుడ తప్ప ఇంకేమీ వినిపించలేదట.

రేటింగు అంటే ప్రపంచమంతటా చెల్లే ఒక అంకె. ఆ అంకె ఉన్నవాళ్లతో, అనుమతి ఉన్న పోటీలో ఆడి, తగినన్ని పాయింట్లు తెచ్చుకుంటేనే కొత్తవాళ్లకు అది వస్తుంది. అలాంటి పోటీలు హైదరాబాదులో జరుగుతాయి, నాగ్‌పూర్‌లో జరుగుతాయి. సిరిసిల్ల పిల్లవాడు వెళ్లాలంటే ప్రవేశ రుసుము, రైలు, లాడ్జి, వెంట వచ్చిన తండ్రికి ఐదు రోజుల కూలీ నష్టం. బాలమల్లు ఆదివారాలు ఆట నేర్పిన పిల్లల్లో మంచి ఆటగాళ్లే ఉన్నారు, ఒక్కరికీ అంకె లేదు. పిల్లలను పోటీకి తీసుకుపోవడం కన్నా పోటీనే ఇక్కడికి తెస్తే చవక కదా అనుకున్నాడు. ఆయన జీవితంలో వేసిన పెద్ద తప్పుటెత్తు అదేనని ఆయన అక్క సత్తమ్మ అంటుంది.

ఎందుకంటే పోటీ పెట్టాలన్నా మెట్లెక్కాలి. జిల్లా సంఘం, రాష్ట్ర సంఘం, జాతీయ సమాఖ్య, దాని మీద అంతర్జాతీయ సమాఖ్య. ప్రతి మెట్టు దగ్గరా ఒక ఫీజు. ఆట అంపైర్లను ఆర్బిటర్లంటారు. వాళ్లకు భత్యం, బస, భోజనం. బోర్డులు, గడియారాలు కిరాయికి. ఆటగాళ్లు కట్టే రుసుము వీటికే బొటాబొటిగా సరిపోతుంది. బహుమతి సొమ్ము వేరే చూసుకోవాలి. చిన్న బహుమతికి దూరం నుంచి ఎవరూ రారు, దూరం నుంచి రేటింగు ఉన్నవాళ్లు రాకపోతే మన పిల్లలకు అంకె రాదు. అందుకని బాలమల్లు మూడు లక్షలు ప్రకటించాడు. ప్రకటించిన బహుమతిని తర్వాత తగ్గించకూడదు. ఎగ్గొడితే ఆ నిర్వాహకుడికి మళ్లీ అనుమతి దొరకదు, ఆ ఊరి పేరు చెబితే ఆటగాళ్లు రారు. ఇంతా విని ఊళ్లో జనం అడిగింది ఒకటే, ఇంటర్నేషనల్ అంటున్నవు, తెల్లోళ్లేరి అని. అంకె ఒక్కటే అంతర్జాతీయమని చెప్పీ చెప్పీ బాలమల్లు విసిగిపోయాడు.

మూడు లక్షల్లో ఒక లక్ష చందాలుగా పోగైంది. మిగతా రెండు లక్షలు ఇస్తానన్నది జగన్మోహన్‌రావు. భైంసా దగ్గర పత్తి జిన్నింగు మిల్లులున్నాయి, ఇల్లు కరీంనగర్‌లో. విలేకరుల ముందు శాలువా కప్పించుకొని, చదరంగం మన పూర్వీకులు ప్రపంచానికిచ్చిన కానుక అని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. పూర్వీకుల కానుకల గురించి మాట్లాడేవాళ్లు తమ జేబులోంచి ఇవ్వాల్సిన దాని గురించి అంతసేపు మాట్లాడరన్నది అక్కడున్న ఎవరికీ తట్టలేదు. డిసెంబరు మొదటివారంలో బాలమల్లును ఇంటికి పిలిపించాడు. ఆయన మనవడు కూడా పోటీలో ఆడుతున్నాడు.

“మా మనుమనికి మొదటి రెండు రౌండ్లు జర అల్కటి పోరగాండ్లను వెయ్యి బాలమల్లూ.”

“జతలు కంప్యూటర్ కడుతది సార్.”

“కంప్యూటర్ మనదే గద?”

“మనదే. గని మన మాట ఇనదు సార్.”

రావుగారు కోప్పడలేదు. టీ ఇప్పించాడు. మరునాటి నుంచి ఫోనెత్తింది గుమాస్తా. సారు తిరుపతి పోయిండని ఒకసారి, సారుకు పానం బాగలేదని ఒకసారి. రెండు లక్షలు రావని బాలమల్లుకు అర్థమయ్యేసరికి పోటీ రెండు వారాల్లోకి వచ్చింది. అప్పటికే నూట డెబ్బై మంది రుసుము కట్టారు. కేరళ, ఒడిశాల నుంచి రైలు టికెట్లు తీసుకున్నారు. కట్టిన రుసుము మెట్ల మీద ఫీజులుగా వెళ్లిపోయింది, తిరిగి ఇవ్వడానికీ లేదు. పోటీ ఆగదు, బహుమతి తగ్గదు. ఐదో రోజు సాయంత్రానికి రెండు లక్షలు చేతిలో ఉండాలి. లేకపోతే సిరిసిల్లలో పెట్టిన మొదటి రేటింగు పోటీయే చివరిది కూడా.

సత్తమ్మ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. తమ్ముడు చెప్పిందంతా విని, చేయి ఆపకుండానే అన్నది.

“ముప్పై ఏండ్ల సంది ఎవ్వని పెండ్లి ఇడిశిపెట్టినవ్ తమ్మీ? అందరింట్ల రాయిస్తివి. నీకెవ్వడు రాయించిండు?”

“నాకు పెండ్లెక్కడిదే అక్కా.”

“హాలున్నది, వంటున్నది, మంది వస్తున్నరు. ఇంకేం తక్కువ?”

“పిల్ల తక్కువ.”

“అది ఉన్నోళ్లు ఏం సుఖపడుతున్నరో నేను చూస్తలేనా. కార్డు కొట్టియ్.”

ఆమె రాయించడమన్నది కట్నాల గురించి. ఇది వరకట్నం కాదు. మా వైపు పెళ్లికి వచ్చినవాళ్లు భోజనానికి ముందో వెనకో మైకు దగ్గర కూచున్న మనిషికి డబ్బో గిన్నో ఇచ్చి పేరు రాయిస్తారు. ఆయన దాన్ని ఊరంతా వినేలా చదువుతాడు. చదవనిది కట్నం కింద లెక్క కాదు. ఇవాళ నేను మీ ఇంట రాయిస్తే రేపు మా ఇంట పెళ్లయినప్పుడు మీరు దానికి నాలుగు రూపాయలు కలిపి రాయించాలి. దీన్ని ఆప్యాయత అనేవాళ్లున్నారు. ఆప్యాయతేమో గాని, బ్యాంకులు లేని చోట ఇది బ్యాంకు. ఆ బ్యాంకులో పెళ్లి కానివాడు వేస్తూ పోవడమే గాని తీసుకునే రోజు రాదు. బాలమల్లు వేసింది ఎవరెవరి ఇంట్లో ఎంత ఉందో సత్తమ్మకు నోటికి వచ్చు.

కార్డులు అచ్చయ్యాయి. పైన శ్రీరస్తు, శుభమస్తు. కింద పెద్దక్షరాల్లో ‘ఆడెపు వారి చదరంగం’. ఈ మధ్య పెళ్లి కార్డుల చివర కానుకలు స్వీకరించబడవని వేయడం మర్యాద అయింది. బాలమల్లు ‘కట్నాలు స్వీకరించబడును’ అని వేయించాడు. నాలుగు మూలలా పసుపు రాసి, అక్కాతమ్ముళ్లు ఇద్దరూ బస్సులెక్కారు. సిరిసిల్లలో గడపగడపకూ, ఆ తర్వాత సాంచెలు వదిలి బొగ్గు గనులకు పోయినవాళ్ల కోసం శ్రీరాంపూర్, దుకాణాలు పెట్టుకున్నవాళ్ల కోసం మంచిర్యాల, పత్తి వ్యాపారంలోకి దిగినవాళ్ల కోసం భైంసా. సత్తమ్మ బొట్టు పెట్టి పిలుస్తుంది, బాలమల్లు పక్కన పెళ్లికొడుకులా తల వంచుకొని నిలబడతాడు. నవ్వనివాళ్లు లేరు. ధనుర్మాసంలో పెళ్లేమిటని తిట్టినవాళ్లున్నారు. ఒకాయన కార్డు రెండుసార్లు చదివి, శోభనం ఏ రౌండు తర్వాత అని అడిగాడు. వస్తామని గాని రామని గాని ఎవరూ తేల్చి చెప్పలేదు.

పోటీ మొదలైంది. తోరణం మీద పూల అక్షరాల్లో ‘ఆడెపు వారి చదరంగం’ అని లక్ష్మీరాజమే కట్టించాడు. చీఫ్ ఆర్బిటరు సరళాదేవి హైదరాబాదు నుంచి వచ్చింది. లెక్కల లెక్చరరుగా రిటైరైన మనిషి. ఉపన్యాసాలు వద్దని, టైముకు గడియారాలు నొక్కించింది. నూట డెబ్బై మంది తలలు వంచారు. అరగంట అలా గడిచింది. సిరిసిల్లలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. అప్పుడు గుమ్మం దగ్గర మైకు గొంతు సవరించుకుంది.

“మంచిర్యాల నుంచి వచ్చిన కొక్కుల హనుమండ్లు గారు, ఐదు వందల పదహార్లూ…”

నూట డెబ్బై తలలు ఒక్కసారే లేచాయి. సరళాదేవి స్టేజి దిగి వచ్చి వైరు పీకేసింది. గుమ్మం దగ్గర బల్ల, బల్ల మీద పసుపు బియ్యం పళ్లెం, కలం పట్టుకొని కూచున్న మనిషి. బాలమల్లు చేసిన తప్పు ఇదే. పెళ్లిలో కట్నాల బల్ల గుమ్మం దగ్గర పెడతారు కాబట్టి అక్కడే పెట్టించాడు. ఇన్నేళ్లుగా చదరంగం నియమాలన్నీ చదివినవాడు ఈ ఒక్కటి మరిచాడు. మరిచాడంటే, మైకు లేకుండా కట్నాలు రాయించడమన్నది ఆయన ఊహకే రాలేదు.

“ఆట నడుస్తుంటే చప్పుడు చెయ్యొద్దు. రూలు తెల్వదా మీకు?” అన్నది సరళాదేవి, గొంతు తగ్గించి.

“తెలుసు మేడం. గని సదవకపోతే ఎవ్వరు ఇయ్యరు. ఇయ్యకపోతే ప్రైజులు లెవ్వు.”

ఆమెకు సంగతంతా అక్కడే నిలబడి చెప్పాడు. రెండు లక్షలు లేకుండా పోటీ నడుపుతున్న మనిషిని ఆమె అంతకుముందు చూసి ఉండదు. పోటీ ఆపేయమని చెప్పే మాట నాలుక చివరిదాకా వచ్చిందని ఆమె తర్వాత చెప్పింది. హనుమండ్లు పక్కనే నిలబడి, తన పేరు సగమే చదివారని, మిగతా సగం ఎప్పుడు చదువుతారని అడిగాడట. పేరు పూర్తిగా చదవందే ఆయన భోజనానికి కూచోడు.

సరళాదేవి గడియారం చూసుకొని తేల్చింది. ఒక రౌండులో చివరి ఆట ముగిసి, తర్వాతి రౌండు జతల కాగితం గోడకు అంటించేదాకా అరగంట ఉంటుంది. ఆ అరగంటలో ఎంత చదువుకుంటారో చదువుకోండి. కాగితం అంటించగానే మైకు బంద్.

ఆ ఐదు రోజులూ అలాగే నడిచింది. పొద్దున మంచిర్యాల బస్సు దిగి వచ్చినవాళ్లు, మధ్యాహ్నం భైంసా బస్సు దిగినవాళ్లు, హాలు బయట చెట్ల కింద జేబులో నోట్లు పట్టుకొని లోపల ఆట ముగిసేదాకా ఓపిగ్గా కూచున్నారు. ఆట తెలియనివాళ్లు కూడా కిటికీలోంచి తొంగిచూసి, ఇంకా ఎన్ని బల్లలు మిగిలాయని అడిగేవాళ్లు. ఓడిపోయే ఆట పట్టుకొని గంటసేపు వేలాడే కుర్రాళ్లను బయట ముసలివాళ్లు తిట్టుకునేవాళ్లు. ఆఖరి ఆట ముగియగానే మైకు మోగేది. ఏ పెళ్లికి బాలమల్లు ఎప్పుడు ఎంత రాయించాడో కొందరు తామే గుర్తుచేసి, దానికి కలిపి రాయించారు. తెలుగు రాని ఒడిశా పిల్లలు మూడోరోజుకల్లా ‘పదహార్లూ’ అన్న మాట రాగానే చప్పట్లు కొట్టడం నేర్చారు.

డబ్బుతోపాటు సామానూ వచ్చింది. స్టీలు బిందెలు, గిన్నెలు, తువ్వాళ్లు, ఒక మిక్సీ. బహుమతి నగదు బదులు బిందెలిస్తే కుదరదు. నియమం నియమమే. అవి స్టేజి వెనక గుట్ట పడ్డాయి. భైంసా నుంచి శంకరవ్వ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఆమె నలుగురు కొడుకుల పెళ్లిళ్లకూ బాలమల్లు రాయించాడు. కార్డులో ఏముందో ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు కాబోలు, పెళ్లికూతురికి చీర తెచ్చింది. పిల్ల ఏదని అడిగితే, సత్తమ్మ ఏమాత్రం తడుముకోకుండా స్టేజి మీద కూచున్న సరళాదేవిని చూపించింది. శంకరవ్వ ఆటగాళ్ల చుట్టూ కట్టిన తాడు కిందినుంచి దూరి స్టేజెక్కి, బొట్టు పెట్టి, చీర ఒళ్లో పెట్టింది. రౌండు నడుస్తోంది. నోరు తెరిచి వారిస్తే తన రూలు తనే తప్పినట్టు. సరళాదేవి కదలకుండా కూచుంది. శంకరవ్వ కిందికి దిగి సత్తమ్మ చెవిలో, “పిల్ల జర ముదురున్నది గని, నెమ్మదస్తురాలు” అని మెచ్చుకుంది. ఆర్బిటర్లు కానుకలు ముట్టకూడదని, చివరి ఫలితాలు పంపేదాకా సరళాదేవి ఆ చీరను బల్ల మీదే ఉంచింది. పంపాక సంచిలో పెట్టుకుంది.

నాలుగో రోజు సాయంత్రం లెక్క చూస్తే ఇంకా ఇరవై వేలు తక్కువ. రావలసినవాళ్లందరూ వచ్చారు. బాలమల్లు కట్నాలు వేసిన ఇళ్లు అయిపోయాయి. అడగడానికి ఇంకెవరూ లేరు. బల్ల దగ్గర అక్కాతమ్ముళ్లిద్దరూ అదే లెక్క మళ్లీ మొదటినుంచి కూడుతున్నారు. లక్ష్మీరాజం అటూ ఇటూ తిరుగుతూ చూశాడు.

హాలు తీసుకున్నవాళ్లు ముందే ఇరవై ఐదు వేలు డిపాజిట్ కట్టాలి, బాలమల్లూ కట్టాడు. పెళ్లయిన వారం తర్వాత, బల్బులు, కుర్చీలు, పళ్లేలు లెక్కపెట్టి, తక్కువైనదానికి కోసుకొని ఇస్తారు. లెక్కపెట్టకుండా లక్ష్మీరాజం ఏనాడూ రూపాయి వెనక్కి ఇవ్వలేదు. మర్నాడు పొద్దున మొత్తం డిపాజిట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఈ మందిల పళ్లెం పగులగొట్టేటోడు ఒక్కడు లేడు, అందరు గాలి పీల్చుటానికి గూడ భయపడుతున్నరని ఓనరుకు చెప్పానన్నాడు. ఆ తర్వాత వెళ్లి వరుసలో నిలబడ్డాడు. ఆఖరి అరగంటలో మైకు ఆయన పేరు చదివింది. వెయ్యి నూట పదహార్లూ.

బాలమల్లు లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“వద్దే రాజమన్నా. నీ ఇంట్ల నేనెన్నడు రాయించలే.”

“ఇప్పుడు రాయించకుంటే ఏంది, రాయిస్తవు తీయ్. నాకు బిడ్డ లేదా?”

ముప్పై ఏళ్ల లెక్క ముగించుకుంటున్నాననుకున్న మనిషి, పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. సాయంత్రం బహుమతులు ప్రకటించినంతా, కవర్లలో పెట్టి ఇచ్చారు. గెలిచిన కేరళ కుర్రాడు కవరుతోపాటు చంకలో స్టీలు బిందె పెట్టుకొని రైలెక్కాడు. బిందెలు, గిన్నెలు ఆడినవాళ్లందరికీ పంచేశారు. సిరిసిల్ల పిల్లల్లో నలుగురికి ఆ పోటీలో అంకె వచ్చింది. బాలమల్లుకు ఇవాళ్టికీ లేదు. నిర్వాహకుడు కాబట్టి ఆయన ఆడలేదు.

మళ్లీ పోటీ పెట్టడానికి అనుమతి అడిగితే ఇస్తామన్నారు. అంతలో కరోనా వచ్చింది. ఆ తర్వాత పిల్లలు ఫోన్లలో ఆడడం మొదలుపెట్టారు. ఆయన ఆట నేర్చిన షెడ్డు ఇప్పుడు సిమెంటు గోదాము. అటు పోతే చప్పుడు లేక చెవులు బిగుసుకుపోతాయంటాడు బాలమల్లు. కానీ ఊళ్లో ఇప్పటికీ ఏదైనా జ్ఞాపకం చేసుకోవాల్సి వస్తే, బాలమల్లు చదరంగం అయిన యేడు అంటారు. ఎవరింట పెళ్లయినా మైకు మొదలవగానే ఎవరో ఒకరు వేలు పెదవుల మీద పెట్టి, ఆట నడుస్తోందని నవ్విస్తారు. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడళ్లకు అందులో నవ్వేముందో చెప్పాల్సి వస్తుంది. చెప్పడానికి అందరూ తయారుగానే ఉంటారు.

లక్ష్మీరాజం కూతురు మంజుల కరీంనగర్‌లో నర్సు ఉద్యోగం చేస్తోంది. పెళ్లి మాటెత్తితే కసురుకుంటుందట. ఎక్కడ కలిసినా బాలమల్లు మొదట అడిగేది ఆ సంగతే. ఇంకా కుదరలేదని లక్ష్మీరాజం చెబుతాడు. ఆ వెయ్యి నూట పదహారు రూపాయలూ బాలమల్లు ఇంకా బాకీ ఉన్నాడు.